రెండు రాత్రులు ఆగిన పలక

నాలుగింటికి కారు బయలుదేరుతుంది. అందులో ఒరికాసా ముత్సువోని ప్రాసిక్యూటర్ దగ్గరికి పంపించేస్తారు. మధ్యాహ్నం పన్నెండింటికి అతను "నేనే చంపాను" అన్నాడు. ఆ ఒక్క మాట రాసి సంతకం పెట్టాడు. అప్పటి నుంచి నోరు విప్పలేదు. ఆ సంతకం ప్రాసిక్యూటర్ బల్ల మీదికి చేరితే ఇక దాన్ని వెనక్కి లాగడం ఎవరి వల్లా కాదు.

ఇన్‌స్పెక్టర్ హచియా తొమోయే వాచీ చూసుకుంది. రెండూ నలభై.

"మీరు ఎన్నిసార్లు చూసినా అది ముందుకే నడుస్తుంది హచియా గారూ," అన్నాడు నుకాగా. అతను ఈ ఊళ్ళ పోలీసు స్టేషన్ సబ్ ఇన్‌స్పెక్టరు. వయసు ముప్ఫై ఎనిమిది. బూట్లకున్న మంచు దులుపుకుంటూ వెయిటింగ్ రూము తలుపు వేశాడు. "పెద్దాఫీసు నుంచి మిమ్మల్ని పంపించారు. సంతోషం. నిందితుడు దొరికాడు, ఒప్పుకున్నాడు. మీరిక్కడ చెయ్యాల్సింది టీ తాగి, బాగుందని రాసి, అయిదూ యాభై అయిదు బండికి వెళ్ళిపోవడమే."

"టీ తాగుతాను. బాగుందో లేదో తర్వాత చెబుతాను."

"అది కూడా మా వాడ పెద్ద గారే పెడతారు. పాపం, తుంటి విరిగిన మనిషి, రెండు రోజుల నుంచి మాకు సేవ చేస్తున్నాడు."

వాడ పెద్ద మొన్మా యోషినోరి కిరసనాయిలు పొయ్యి పక్కన చేతికర్ర ఆనించి కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటినవాడు. ఆ మాటకు తల వంచి దండం పెట్టాడు. కెటిల్ దించి రెండు కప్పుల్లో టీ పోశాడు. పక్కన చిన్న డబ్బాలో ముల్లంగి ఊరగాయ పెట్టాడు.

"మా ఇంట్లో పెట్టిందే. తినండమ్మా, చలికి ఒంట్లో పట్టు ఉంటుంది."

హచియా ఒక ముక్క నోట్లో వేసుకుంది. కరకరలాడింది. రుచి తెలియలేదు. నవంబరులో భర్త పోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ తెలియడం లేదు. బాగుందని చెప్పింది.

హినోకిదాయి స్టేషన్‌లో ఇరవై రెండేళ్ళుగా ఉద్యోగి అనేవాడు లేడు. టికెట్ కిటికీకి రేకు కొట్టేశారు. అయినా ఆఖరి స్టేషన్ మాస్టరు షిబుతానీ గెన్‌జో మాత్రం రిటైరయ్యాక కూడా రోజూ వచ్చేవాడు. ఊడ్చేవాడు, పొయ్యి వెలిగించేవాడు, ప్రతి బండికీ ప్లాట్‌ఫారం మీద నిలబడి సెల్యూట్ కొట్టేవాడు. రైల్వే వాళ్ళు అతనికి పైసా ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. మొన్న మంగళవారం ఆయన ఈ గదిలోనే చచ్చిపోయి కనిపించాడు.

"ఇంకోసారి చెప్పండి. గంటలు, నిమిషాలతో," అంది హచియా.

నుకాగా నోటుబుక్కు తియ్యకుండానే చెప్పాడు. "రెండూ పది బండి. డ్రైవరు హయసాకా. టౌను ఆఫీసు నుంచి వాడకు రావలసిన కాగితాల కట్ట ముసలాయన చేతికిచ్చాడు. ప్రాణంతో ఉన్నాడు. మూడూ నలభై ఎనిమిది బండి. అదే డ్రైవరు. ముసలాయన ప్లాట్‌ఫారం మీద సెల్యూట్ కొట్టాడు. ప్రాణంతో ఉన్నాడు. ఆ బండిలోంచి దిగింది ఒక్కడే, ఒరికాసా. అయిదూ యాభై అయిదు బండి. మళ్ళీ అదే డ్రైవరు. ముసలాయన బయటికి రాకపోతే దిగి చూశాడు. ఈ బెంచీ మీద పడుకుని ఉన్నాడు, ఒళ్ళు చల్లబడిపోయింది. మూడూ నలభై ఎనిమిదికి బతికున్నాడు, అయిదూ యాభై అయిదుకి పోయాడు. మధ్యలో ఇక్కడ దిగింది ఒకే ఒక్క మనిషి. దీనికి పెద్దాఫీసు బుర్ర కావాలా?"

"పోట్లాట?"

"శనివారం. ఒరికాసా టౌన్లో రంపపు మిల్లులో పనిచేస్తాడు. ఈ స్టేషన్ ఎత్తేయడానికి వాడలో నాలుగిళ్ళ వాళ్ళూ ఒప్పుకుని, సంతకానికి బదులు వేసే ఇంటిపేరు ముద్రలు వేశారని అక్కడెవరో చెప్పారట. తన ముద్ర తను వెయ్యలేదు, ఇది ముసలాయన పనేనని నేరుగా వచ్చి మీద పడ్డాడు. 'పొద్దున్నే సెల్యూట్లు కొడతావు, చాటున స్టేషన్‌ను అమ్ముతావు' అన్నాడు. ముసలాయన వెయ్యలేదంటాడు, ఇతను వేశావంటాడు. మొన్మా గారే విడదీశారు."

"అవునమ్మా," అన్నాడు మొన్మా పొయ్యి వత్తి సరిచేస్తూ. "ముత్సువోకి బండి లేకపోతే పని లేదు. భార్య కనయేకు ఏడో నెల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు తొలి కాన్పు. మనిషి చెడ్డవాడు కాదు."

"చెడ్డవాళ్ళే చంపుతారంటే మా ఉద్యోగం సుఖంగా ఉండేది," అని నుకాగా నవ్వాడు. "పైగా ఈ తలుపు పిడి మీద, లోపలివైపు, ఒరికాసా వేలిముద్రలున్నాయి. మొదట గదిలోకే రాలేదన్నాడు. ముద్రలు చూపిస్తే నోరు మూసుకున్నాడు. ఇవాళ ఒప్పుకున్నాడు."

హచియా లేచి టికెట్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. కిటికీ కింద డబ్బులు తోసే ఇనుప అంచు ఉంది. దాని మూలన నాలుగు వెంట్రుకలు, కొంచెం ఎండిన రక్తం దొరికాయని రిపోర్టులో రాశారు. అక్కడి నుంచి బెంచీకి ఆరడుగులు. నేల మీద ఈడ్చిన గుర్తు లేదు. బెంచీ మీద తల పెట్టిన చోట ఊలు దిండు. దిండు మీద అరచేతి వెడల్పు మరక.

"ఎవరో ఆయన్ని మోసుకొచ్చి పడుకోబెట్టారా?"

"వాడికి జాలి పుట్టి ఉంటుంది."

"లేదా ఆయనే నడిచి వచ్చి పడుకున్నాడు. పోస్టుమార్టం రిపోర్టు మూడో పేజీ చదివారా? ఎముక కొద్దిగానే చిట్లింది. పుర్రె లోపల రక్తం మెల్లగా కారింది. దెబ్బ తగిలాక గంట, రెండు గంటలు కూడా బతికి ఉండవచ్చని రాశాడు డాక్టరు."

"ఉండవచ్చని. ఉన్నాడని కాదు."

"ఆ ఒక్క మాటకి రెండు గంటల తేడా ఉంది నుకాగా గారూ."

రేకు కొట్టిన పాత ఆఫీసు గది తలుపు పక్కన మేకుకు ముదురు నీలం కోటు వేలాడుతోంది. ఇత్తడి గుండీలు. హచియా దాన్ని మేకు మీదే తిప్పి చూసింది. కుడి చెయ్యి భుజం దగ్గర కుట్లు చుట్టూ విప్పేసి ఉన్నాయి. మళ్ళీ కుట్టడం మొదలుపెట్టిన చోట సూది, దారం అలాగే ఉన్నాయి. జేబులో తెల్ల గ్లవ్స్ జత మడిచి ఉంది.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"చచ్చినవాడి ఒంటి మీద లేని బట్టతో మాకేం పని?"

"హయసాకాని పిలవండి."

డ్రైవరు హయసాకా బయట పోలీసు జీపులో కూర్చుని ఉన్నాడు. ఇవాళ అతనికి సెలవు. నలభై ఏళ్ళవాడు, సెలవు రోజున కూడా యూనిఫాం టోపీ పెట్టుకుని వచ్చాడు. లోపలికి రాగానే బెంచీ వైపు చూడకుండా గోడ గడియారం వైపు చూసి, తన వాచీతో సరిపోల్చుకున్నాడు.

"రెండూ పదికి మాస్టారితో ఏమైనా మాట్లాడారా?" అడిగింది హచియా.

"మాట్లాడానండి. బండి ఆగేది అర నిమిషమే. ముందు తలుపులోంచి కట్ట అందించాను. 'కోటేదీ మాస్టారూ' అని నవ్వాను. గోధుమరంగు దూది జాకెట్టు వేసుకున్నాడు. 'చంక చిరిగింది, కుడుతున్నా. ఇవాళ నీకు సెల్యూట్ లేదు పో' అన్నాడు."

"సరే. మూడూ నలభై ఎనిమిదికి ఎలా కనిపించాడు?"

"ఎప్పటిలాగేనండి. ప్లాట్‌ఫారం చివర, తలుపులు చూసుకోడానికి మాకు పెట్టిన అద్దం పక్కన. నీలం కోటు, తెల్ల గ్లవ్స్. బండి ఆగేదాకా సెల్యూట్."

నుకాగా టీ కప్పు పెదాల దగ్గరే ఆపాడు.

"హయసాకా గారూ," అంది హచియా. "ఆ కోటు చూడండి."

అతను వెళ్ళి చూశాడు. ఊడి వేలాడుతున్న కుడి చేతిని వేలితో తాకాడు. సూది తగిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కానీ నేను చూశానండి. వేలు పెట్టి చూపించి, 'ప్లాట్‌ఫారం సరే' అని పైకి అన్నాను కూడా. రోజూ అంటాను. ఎదురుగా ఉన్నది చూసి, వేలు పెట్టి, పైకి అనాలి. అదే మా రూలు. పదకొండేళ్ళుగా..." అతను ఆగిపోయాడు. "పదకొండేళ్ళుగా ఆయన అక్కడే ఉన్నాడండి."

"మంగళవారం మంచు పడుతోందా?"

"బాగా."

"ఒంటి చెయ్యి కోటు వేసుకుని సెల్యూట్ కొట్టాడా?"

హయసాకా మళ్ళీ కోటు వైపు చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అబద్ధం ఆడినవాడి ముఖం కాదది. ఇంటికి వెళ్ళి తలుపు తీస్తే ఇల్లే లేనివాడి ముఖంలా ఉంది. వేలు లేచింది, నోరు పలికింది, కళ్ళు మాత్రం పని చేయలేదు. రోజూ ఉండేవాడు ఉన్నాడనే అవి చెప్పేశాయి.

"అంటే మూడూ నలభై ఎనిమిదికి ఆయన బయట లేడు," అంది హచియా. "ఆయన్ని ఖాయంగా చివరిసారి చూసింది రెండూ పదికి. మీ రెండు గంటల సందు ఇప్పుడు నాలుగు గంటలైంది. మీ ఒక్కడే మనిషి లెక్క పోయింది."

"ఏం పోలేదు!" నుకాగా కప్పు బల్ల మీద పెట్టాడు. టీ చిందింది. "లోపల కోటు కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఒరికాసా దిగి లోపలికి వచ్చి కొట్టాడు. వేలిముద్రలున్నాయి, ఒప్పుకోలు ఉంది. మీరేమో ఒక చిరిగిన కోటు పట్టుకుని దర్జీలాగా తిప్పుతున్నారు. ఆ ముందు గంటల్లో ఇక్కడికి ఎవరొచ్చారో చూపించండి. ఇది నాలుగిళ్ళ వాడ. ఒకటి ముసలాయనదే. రెండోది ఒరికాసాది. ఇంకెవరు? ఎనభై ఒక్క ఏళ్ళ హత్సు మామ్మా? తుంటి విరిగిన మొన్మా గారా?"

హచియా మొన్మా వైపు తిరిగింది. "మంగళవారం మీరు ఎక్కడున్నారు?"

"ఇంట్లోనేనమ్మా. మంచు పడితే ఈ తుంటితో గడప దాటను. గెన్‌జోని ఆదివారం మీటింగులో చూడడమే. ఆ తర్వాత మళ్ళీ చూడలేదు."

"ఫోను?"

"లేదమ్మా."

"చాలా, ఇంకా ఉందా?" అన్నాడు నుకాగా. "మూడూ పన్నెండు. మా వాళ్ళు కారు చక్రాలకి మంచు గొలుసులు కూడా కట్టేశారు."

అప్పుడు తలుపు సందులోంచి ఒక ముడతల ముఖం కనిపించింది. తలకు గళ్ళ గుడ్డ కట్టుకున్న ముసలామె. లోపల మొన్మాను చూసి గబుక్కున వెనక్కి తగ్గింది. హచియాను మాత్రం రమ్మని చేత్తో సైగ చేసింది.

హచియా ప్లాట్‌ఫారం మీదికి వచ్చి తలుపు వేసింది. మంచు మోకాలెత్తున ఉంది. రెండు రోజుల నుంచి ఎవరూ తవ్వలేదు.

"నువ్వేనా తల్లీ పట్నం నుంచి వచ్చిన పోలీసమ్మవి? నేను హత్సుని. గట్టిగా మాట్లాడు, నా చెవులు పోయాయి."

"చెప్పండి మామ్మగారూ."

"నువ్వు పైమనిషివి కాబట్టి అడుగుతున్నా. సిగ్గు విడిచి అడుగుతున్నా." ముసలామె అటూ ఇటూ చూసి, పైబట్ట కిందనుంచి ఒక చెక్క పలక తీసింది. దానికి క్లిప్పుతో కాగితాలు పెట్టి ఉన్నాయి. "దీన్ని కాస్త ముత్సువో ఇంటి తలుపుకి తగిలించి రా తల్లీ. నా తర్వాత వంతు వాళ్ళదే."

వాడ వాళ్ళు చదివి, ముద్ర వేసి, పక్కింటికి పంపే తిరుగు పలక అది. హచియా పెరిగిన వీధిలోనూ ఉండేది.

"మీరే ఇవ్వచ్చు కదా. ఇల్లు కనబడుతూనే ఉంది."

"ఎలా ఇవ్వను? మొగుణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఆ పిల్ల కడుపుతో లోపల ఒక్కతీ ఉంది. తలుపు తడితే ఏం మాట్లాడను? తట్టకుండా తగిలిస్తే దొంగలా వచ్చి పోయిందనుకుంటుంది. అలా అనుకుంటూనే రెండు రాత్రులు గడిచాయి." ఆమె గొంతు తగ్గింది. "నేను కాపురానికొచ్చి అరవై ఏళ్ళు. ఈ పలక ఏ ఇంట్లోనూ ఒక్క రాత్రి ఆగలేదు. నాకు ప్రసవమైన రోజున కూడా మా అత్త వెళ్ళి ఇచ్చొచ్చింది. ఇప్పుడు నా ఇంట్లో రెండు రాత్రులు ఆగింది. గెన్‌జో ఉంటే నన్ను చీపురుతో కొట్టేవాడు."

హచియా పలక అందుకుంది. పైన టౌను ఆఫీసు నోటీసు, మంచు తవ్వే వంతుల గురించి. కింద నాలుగిళ్ళ పేర్లు, పక్కన గళ్ళు. మొదటి గడిలో షిబుతానీ ఎర్ర ముద్ర. దాని పక్కన చిన్న అంకెల్లో తేదీ, గంట: మంగళవారం, 2:25.

"ఆయన టైము కూడా వేస్తాడా?"

"రైలు మనిషి కదా. తుమ్మితే కూడా టైము చూస్తాడు. కట్ట బండిలోనే వస్తుంది, అందుకే పలక అతని దగ్గరే మొదలవుతుంది."

రెండో గడిలో మరో ముద్ర. మొన్మా. మూడో గడిలో హత్సు ముద్ర, కొంచెం వంకరగా.

హచియా ఆ రెండో గడిని చాలాసేపు చూసింది. లోపల ఏదో కదలాలి అనుకుంది. ఏమీ కదల్లేదు. చలికి మొద్దుబారిన వేలిని వంచినట్టు బుర్ర మాత్రం పని చేసింది.

"మామ్మగారూ. ఇది మీ ఇంటికి ఎప్పుడొచ్చింది?"

"మంగళవారమే. సరుకుల వ్యాన్ వచ్చేవేళ. మంగళవారం మూడూ పావుకి వస్తాడు వాడు, పాట పెట్టుకుని. టోఫూ కొందామని తలుపు తీస్తే కొక్కేనికి వేలాడుతోంది."

"ఎవరు తెచ్చారు?"

"చూడలేదు. మొన్మాయే అయ్యుంటాడు. నా ముందు వంతు అతనిదేగా."

"ఈ మాట పోలీసులకు చెప్పారా?"

"వాళ్ళు గెన్‌జో గురించి అడిగారు, ముత్సువో గురించి అడిగారు. పలక గురించి ఎవరడిగారు?" అని ముసలామె కళ్ళు పెద్దవి చేసింది. "నా దగ్గర ఆగిపోయిందని నేనెందుకు చెబుతాను?"

హచియా పలకను పెద్ద ప్లాస్టిక్ కవరులో పెట్టింది. "దీన్ని కొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకోవాలి. కానీ మీరిప్పుడు కనయే గారింటికి వెళ్ళండి. వట్టి చేతులతోనే వెళ్ళండి. మంచుకు తలుపు పూడిపోయి ఉంటుంది. తవ్వుతూ ఉండండి. ఆవిడే తీస్తుంది."

ముసలామె కాసేపు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత గోడకి ఆనించి ఉన్న పార భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మూడూ ఇరవై ఎనిమిది.

హచియా లోపలికి వచ్చి పొయ్యి ఎదురుగా కూర్చుంది. కవరు మొన్మా మోకాళ్ళ మీద పెట్టింది. అందులోంచి పలక స్పష్టంగా కనిపిస్తోంది.

"రెండూ పదికి కాగితాలు ఈ ఊరికి వచ్చాయి. అంతకు ముందు ఈ పలక మీద పెట్టడానికి ఏమీ లేదు. రెండూ ఇరవై అయిదుకి గెన్‌జో గారు ముద్ర వేశారు. మూడూ పావుకి హత్సు మామ్మ తలుపుకి వేలాడింది. మధ్యలో మీ ముద్ర ఉంది. మంగళవారం మీరు గడప దాటలేదు, ఆయన్ని చూడలేదు, ఫోను చెయ్యలేదు. మరి ఇది మీ చేతికి ఎలా వచ్చింది మొన్మా గారూ?"

నుకాగా ముందుకు వంగి చూశాడు.

మొన్మా పలక వైపు చూశాడు. భయపడ్డట్టు లేడు. మర్చిపోయిన గొడుగు ఎవరో తెచ్చిచ్చినట్టు చూశాడు.

"ముద్ర వేశానా," అన్నాడు మెల్లగా. "వేశాను. ఇంటికెళ్ళి, చేతులు కడుక్కుని, ముద్ర వేసి, హత్సు ఇంటికి తగిలించి వచ్చాను. దారిలో రెండుసార్లు పడ్డాను. ఎందుకు వెళుతున్నానని అనుకోనే లేదు."

"ఆయన పిలిచాడా?"

"ఫోను చేశాడు. 'కట్ట వచ్చింది, వచ్చి పట్టుకుపో, ఒక మాట అడగాలి' అన్నాడు. వచ్చేసరికి అతని చేతిలో ఆ కట్టలో వచ్చిన రైల్వే వాళ్ళ ఉత్తరం ఉంది. నాలుగిళ్ళూ ఒప్పుకున్నందుకు ధన్యవాదాలట. 'నా ముద్ర అందులోకి ఎలా వచ్చిందిరా' అన్నాడు."

"ఎలా వచ్చింది?"

"డిసెంబరులో ఇదే పలక మీద పెట్టి పంపాను. అయిదు కాగితాల్లో నాలుగోది. ఎవరూ చదవరు. గెన్‌జో కూడా చదవలేదు. తన స్టేషన్ మూసేయడానికి తనే ముద్ర వేసి, పక్కన టైము కూడా రాశాడు." మొన్మా తన చేతులు చూసుకున్నాడు. "నాలుగిళ్ళ ముసలాళ్ళం ఎన్నాళ్ళమ్మా ఈ ప్లాట్‌ఫారం మంచు తవ్వుతాం? నా తుంటి విరిగింది ఇక్కడే. స్టేషన్ తీసేస్తే ఇంటి ముందుకు చిన్న బస్సు వేస్తామన్నారు. మంచిదే అనుకున్నాను. మీటింగులో అందరి ముందూ చెప్పమని నా చొక్కా పట్టుకున్నాడు. వదిలించుకోడానికి తోశాను. ఆ ఇనప అంచు మీద పడ్డాడు."

"పడ్డవాణ్ణి వదిలేసి వెళ్ళావా?" నుకాగా గొంతు పెద్దదైంది. ఇందాకటి గౌరవం అందులో లేదు.

"లేచాడు! తనే లేచి కూర్చున్నాడు. తల రుద్దుకున్నాడు. 'ఏం కాలేదు, నీ ముఖం చూడాలని లేదు, పో' అన్నాడు. నేను తలుపు దాకా వెళితే మళ్ళీ పిలిచాడు. 'పలక పట్టుకుపో. మన గొడవకి అది ఎందుకు ఆగాలి' అన్నాడు." మొన్మా ఆగాడు. "సాయంత్రం పోయాడన్నారు. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ రాత్రికే ముత్సువోని పట్టుకున్నారు. అప్పుడు మీకు టీ పెట్టాను. నిన్న కూడా పెట్టాను."

బయట గేటు గంట మోగింది. మూడూ నలభై ఎనిమిది బండి వచ్చి ఆగింది. ఒంటి పెట్టె. ముందు తలుపు తెరుచుకుంది, ఎవరూ దిగలేదు. కొత్త డ్రైవరు వేలు చాపి ఏదో అనడం కిటికీ అద్దంలోంచి కనిపించింది. హయసాకా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బండి కదిలి వెళ్ళిపోయింది.

నుకాగా అప్పటికే ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"నేనే. కారు ఆపండి. ఆపమన్నానా... ఎక్కించేశారా? అయితే దించండి!" తర్వాత హచియా వైపు చూడకుండానే అన్నాడు, "నా కేసు కూల్చారు. సంతోషమా?"

"లేదు."

"కొంచెం నవ్వినా బాగుండేది. నాకు తిట్టుకోడానికి వీలుండేది."

"వేలిముద్రలు మిగిలాయి నుకాగా గారూ. ఒరికాసా ఈ తలుపు లోపలివైపు పిడి పట్టుకున్నాడు. అది మాత్రం నిజం. ఎందుకు?"

నుకాగా చెయ్యెత్తి ఆగమన్నాడు. ఫోనులో అవతలి మాట వింటున్నాడు. అతని ముఖం మారింది. ఫోను ఆమెకు అందించాడు.

"దిగనంటున్నాడట. మీరే మాట్లాడండి."

హచియా అందుకుంది. "ఒరికాసా గారూ. నేను హచియాని. పొద్దున మిమ్మల్ని చూశాను. గెన్‌జో గారిని ఎవరు తోశారో తెలిసింది. మీరు కాదు. ఇంటికి వెళ్ళవచ్చు."

అవతల కారు ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు వచ్చింది.

"నా సంతకం అలాగే ఉంచండి."

"మీరు కొట్టలేదు కదా?"

"కొట్టలేదు."

"మరి?"

"బండి దిగి స్టేషన్ గది తలుపు తీశానండి. శనివారం తిట్టినదానికి సారీ చెబుదామని. ఇంటికి వెళితే కనయే అడుగుతుంది, చెప్పావా లేదా అని. లోపలికి వెళ్ళి తలుపు వేశాను. ఆయన బెంచీ మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి అలిగి అటు తిరిగాడనుకున్నాను. నాకూ ఒళ్ళు మండింది."

"తర్వాత?"

"ఆయన అడిగాడండి. అటు తిరిగే అడిగాడు. మాట ముద్దగా ఉంది. తాగాడేమో అనుకున్నాను, దగ్గరికి వెళ్ళి చూడలేదు."

"ఏమని అడిగాడు?"

"'మూడూ నలభై ఎనిమిది టైముకే వచ్చిందా' అని."

పొయ్యిలో మంట నీలంగా, నిలకడగా వెలుగుతోంది.

"మీరేమన్నారు?"

"వచ్చింది అన్నాను. ఆయన 'సరే' అన్నాడు. చలి లోపలికి పోతుందని తలుపు గట్టిగా వేసి, వెళ్ళిపోయాను."